అప్పన్న

చివరి కుబుసం విడిచిన రోజు
మా అప్పన్న వెల్లకిలా పడున్నాడు.
పోయాడనుకున్నాను.
రాత్రంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టిన చేతులతో
చిన్న అట్టపెట్టె కోసం ఇల్లంతా వెతికాను.
దొరికేసరికి
పాత ఒంటిని చొక్కాలా పక్కన పడేసి
ఎనిమిది కొత్త కాళ్లు ఆరబెట్టుకుంటున్నాడు.

చందనం రంగు నూగని ఆ పేరు పెట్టాను.
సింహాచలం అప్పన్నకి ఏడాదికోసారి చందనం ఒలుస్తారు.
వీడు ఏడేళ్లకి చూపించాడు నిజరూపం:
ముందు కాళ్లకి కొక్కేలు,
మూతి పక్క చిట్టి చేతులకి
బాక్సింగు గ్లవ్సు.

ఫోటో చూసి పెట్‌షాపు గిలీస్ అన్నాడు:
"మగాడే. ఇంకో ఏడాది, మహా అయితే ఏడాదిన్నర.
ఆడదైతే ఇరవయ్యేళ్లు నిన్ను వదిలేది కాదు."
అని, కీచురాళ్ల డబ్బాకి బిల్లు కొట్టాడు.

పెళ్లీడూ పోయే ఈడూ
ఒక్క పూటే వచ్చాయి వాడికి.

ఆపైన గుంతలో నిలవలేదు.
డండీ చలికాలం, మూడున్నరకే చీకటి;
గాజు నాలుగు వైపులా తిరుగుతూ
మధ్యలో ఆగి చిట్టి చేతులతో మట్టిని వాయించేవాడు.
నాకేమీ వినబడేది కాదు.

కింది ఫ్లాట్ జెస్సీకి వినబడింది.
అంటే, చెవులతో కాదు.
పదిహేడో ఏట నుంచీ ఆమెకి చెవుల్లేవు,
ఈ భవనమే అప్పుడు జనపనార మిల్లు,
మా వంటగది ఉన్నచోటే ఎక్కడో ఆమె మగ్గం.
మా నాన్నదీ మిల్లే, చిట్టివలసలో.
ఇంట్లో ఉప్పు అడిగినా అరిచే అడిగేవాడు.

జెస్సీ గాజు మీద అరచెయ్యి ఆనించి
కళ్లు మూసుకుంది.
"ఎవర్నో పిలుస్తున్నాడబ్బాయ్."
చాలాసేపు ఉంచింది చెయ్యి.
తర్వాత ఏమనుకుందో,
చూపుడువేలి గోటితో రెండు దెబ్బలు కొట్టింది.

వాడు ఆగిపోయాడు.
ముందు కాళ్లు రెండూ గాల్లోకి లేచి
అలాగే నిలబడ్డాయి.

"అయ్యో," అంది చెయ్యి వెనక్కి లాక్కుని,
"ఉత్తినే ఆశ పెట్టాను."
ఆ రాత్రి వాడు తెల్లారేదాకా వాయించాడు.
ఆమెకి నేను చెప్పలేదు.

ఇప్పుడు వాయించడం లేదు.
గోడెక్కబోయి జారి పడుతున్నాడని
మట్టి ఇంకో నాలుగంగుళాలు పోశాను.
పెంకు గిన్నె తీసేసి జామ్ సీసా మూత పెట్టాను.
కీచురాయి తల నలిపి దగ్గరికి జరిపితే
ముట్టుకుని, ఎవరిదో సామానన్నట్టు పక్కనుంచి వెళ్లిపోతాడు.
నడుం మీద నూగు రాలి
గోనెసంచి మాసికలా బట్టతల పడింది.
ఈమధ్య లాండ్రీలో కూడా
పిడికిలి విప్పి మూసి చూసుకుంటున్నాను.

సాలీడు కాలు ముడవడానికి కండ ఉంది,
చాపడానికి లేదట.
లోపలి తడి నెట్టాలి.
తడి తగ్గినకొద్దీ
మనిషి చలికి చేతులు చంకల్లో పెట్టుకున్నట్టు
కాళ్లు కడుపు కిందికి పోతాయి.
ఇదంతా తెలిశాక
నీళ్లసీసా మూత తీసినప్పుడల్లా తలవంచుకుంటున్నాను.

జెస్సీ మెట్లెక్కలేదు, మోకాళ్లు.
సాయంత్రం గుమ్మంలో నిలబడి
మిల్లులో నేర్చిన సైగతో అడుగుతుంది:
అరచెయ్యి బోర్లించి, కొంచెం ఊపి.
ఎలా ఉన్నాడు?
నేనూ అదే సైగ తిరిగి చేస్తాను.
జవాబుకి వేరే సైగ ఉందో లేదో నాకు తెలీదు.

తెల్లవారుజాము నాలుగు.
మీటర్లో వేసిన ఐదు పౌన్లు అయిపోవచ్చాయని
ఎర్ర దీపం మిణుకుతోంది.
చెంచాతో వాణ్ణి మెల్లగా నెట్టి
మూతి మూత అంచుకి ఆనేలా పెట్టాను.
డ్రాపర్‌తో ఒక్క చుక్క.
కాసేపు ఏమీ లేదు.
నేను ఊపిరి ఎటో తిప్పి వదిలాను,
గాలి తగిలితే వాడికి పడదు.

ఒక కాలు విచ్చుకుంది.
రెండోది ఆలోచిస్తోంది.